ఒడ్డున ఇరవై మంది ఉన్నా ఎవరూ చూడలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి ఎనిమిది పేజీలుంది. పేరు, ఊరు బయటపెట్టవద్దని రాసినావిడ కోరారు. అందులోని సంగతులు కుదించి చెప్పి, తర్వాత నాకు తోచింది చెబుతాను.

ఆవిడ ఉండేది ఒక పెద్ద సరస్సు ఒడ్డున, అరవై ఇళ్ళ కాలనీలో. పదిహేనేళ్ళ కొడుకు, ఎనిమిదేళ్ళ కూతురు. నాలుగేళ్ళ కిందట వేసవి సెలవుల్లో పిల్లలకు ఏదైనా చేద్దామన్న మాట వచ్చింది. ఎవరూ ముందుకు రాకపోతే ఆవిడ సరేనన్నారు. అప్పటినుంచీ ఆ పని ఆవిడదే అయిపోయింది. చిన్నవాళ్ళకు బొమ్మలు వేయించడం, కథలు చెప్పించడం, సాయంత్రాలు ఆటలు, వారానికొకసారి అన్ని కుటుంబాలూ గట్టు మీద కలిసి కూర్చోవడం. పదమూడు దాటిన పిల్లలు మాత్రం ఎవరూ వచ్చేవాళ్ళు కాదట. రమ్మంటే "బోరు" అనేవాళ్ళట.

పోయిన వేసవిలో అలా అందరూ కూర్చున్న ఒక సాయంత్రం తొమ్మిదేళ్ళ బాబు మునిగిపోబోయాడు. ఆ బాబు తల్లి ఈవిడకు ప్రాణస్నేహితురాలు. ఈవిడ కొడుకు వేసుకున్న బట్టలతోనే దూకి, ఈదుకుంటూ వెళ్ళి, వాణ్ణి ఒడ్డుకు లాక్కొచ్చాడు. బాబు ఒక రాత్రి ఆస్పత్రిలో ఉండి క్షేమంగా ఇంటికి వచ్చాడు. "ఒడ్డున ఇరవై మందికి పైగా పెద్దవాళ్ళం ఉన్నాం. వాడు అరవలేదు, చేతులు ఊపలేదు. ఆడుకుంటున్నాడనే అనుకున్నాం" అని రాశారు.

తర్వాతి సంగతులు ఇవి. స్నేహితురాలు ఎదురుపడితే పక్కకు తప్పుకుంటోంది. కొడుకు ఇంట్లో ముక్తసరిగా తప్ప మాట్లాడడు. ఆ సాయంత్రం తడిసి వణుకుతూ ఒడ్డుకు వచ్చినవాణ్ణి అందరూ మెచ్చుకుంటుంటే ఈవిడ మాత్రం "నీకేమైనా అయితే?" అని అందరి ముందూ చెంప మీద కొట్టారు. మర్నాటినుంచీ నీళ్ళ దగ్గరకు వెళ్ళవద్దని ఆంక్ష పెట్టారు. ఇప్పుడు మళ్ళీ వేసవి వచ్చింది. ఇక పిల్లలెవరూ సరస్సులో దిగకూడదని తీర్మానం చేద్దామని కాలనీ పెద్దలు అంటున్నారు. సరస్సు ఒడ్డున పుట్టి పెరిగి అందులో దిగకూడదంటే ఎలా అని కుర్రాళ్ళు ఎదురు తిరుగుతున్నారు. నిర్ణయం తీసుకునే సమావేశం ఇంకా రెండు వారాలుంది, కార్యక్రమాలు నడిపే మనిషి కాబట్టి ఈవిడ ఏమంటారో అని రెండు పక్షాలూ చూస్తున్నాయి. భర్త "ఇదంతా మనకెందుకు, వదిలెయ్" అంటారు. అత్తగారు పాపను గుమ్మం దాటనివ్వడం లేదు. ఈవిడకు ఈత రాదు. ఆ సంఘటన తర్వాత నీళ్ళలో వేసే రింగు ఒకటి కొన్నారు గానీ దాన్ని చూస్తే చేతులు వణుకుతున్నాయని సామాన్ల గదిలో పడేశారు. చివరి వాక్యం: "ఇదంతా నా తప్పేనా?"

అమ్మా, ఆ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. దానికి జవాబు దొరకకుండా మీరు సమావేశానికి వెళితే, ఏ పక్షం మాట్లాడినా భయమే మాట్లాడుతుంది.

ఆ బాబు ఎందుకు అరవలేదో ముందు తెలుసుకోండి. మునిగిపోతున్న మనిషి చేతులు పైకెత్తి కేకలు వేస్తాడని మనమందరం అనుకుంటాం. అమెరికాలో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా నీళ్ళలో మునుగుతున్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, నిజంగా జరిగేది వేరని చెప్పాడు. నోరు నీటిమట్టానికి పైకీ కిందకీ అవుతుంటుంది. పైకి వచ్చిన ఆ క్షణంలో ఊపిరి తీసుకోవడానికే వ్యవధి చాలదు, ఇక అరవడానికి ఎక్కడ? చేతులు వాటంతట అవే పక్కలకు చాచుకుని నీటిని కిందకి నొక్కుతుంటాయి. సాయం కోసం ఊపడం ఆ మనిషి చేతుల్లో లేని పని. శరీరం నిటారుగా ఉంటుంది, కాళ్ళు ఆడవు. ఇదంతా ఇరవై నుంచి అరవై సెకన్లు. దూరం నుంచి చూసేవాళ్ళకు పిల్లవాడు నీళ్ళలో నిలబడి ఆకాశంలోకి చూస్తున్నట్టు ఉంటుంది. మీరు "ఆడుకుంటున్నాడనే అనుకున్నాం" అన్నది అబద్ధం కాదు, అజాగ్రత్త కూడా కాదు. తెలియకపోతే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది.

అయితే మీ ఉత్తరంలో ఇంకొక మాట ఉంది, దాన్ని మాత్రం దాటిపోలేను. ఒడ్డున ఇరవై మంది. మీరది ఆశ్చర్యంగా రాశారు, ఇంతమంది ఉండి కూడా అని. నాకు అక్కడే కారణం కనిపించింది. ఇద్దరే ఉంటే ఒకరినొకరు అడుక్కునేవారు, "నువ్వు చూస్తున్నావా, నన్ను చూడమంటావా" అని. ఇరవై మంది ఉన్నప్పుడు ప్రతి ఒక్కరికీ మిగిలిన పందొమ్మిది మంది మీద ధీమా. చూడటం ఎవరి పనీ కాలేదు. మీరు నడిపిన కార్యక్రమం కాబట్టి నీళ్ళవైపు ఒక మనిషిని పెట్టాలన్న ఆలోచన మీకు రావలసింది. అది రాలేదు. మీ భాగం అంతవరకే. నాలుగేళ్ళుగా ఒక్క మనిషి మీద అంత పని పెట్టి చూస్తూ ఊరుకున్న అరవై ఇళ్ళకూ మిగతా భాగం ఉంది. మీరు మోస్తున్న బరువులో మీది కానిది చాలా ఉంది. మీదైన ఆ కాస్తను మాత్రం ఈ వేసవిలో సరిచేసుకోవచ్చు.

ఇక తీర్మానం సంగతి.

పెద్దల భయాన్ని తీసిపారేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు, అందులో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళలోపు పిల్లలు. 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల మరణాలకు ఇది మూడో పెద్ద కారణం. కాబట్టి "మేం చిన్నప్పుడు దిగలేదా" అన్న వాదన ఎవరైనా తెస్తే ఒప్పుకోనక్కర్లేదు.

కానీ అదే సంస్థ చేయమని చెప్పేవి చూడండి. బడికి వెళ్ళే వయసు రాని పిల్లలకు నీటికి అడ్డుగా కంచె, పెద్దవాళ్ళు కనిపెట్టుకుని ఉండే చోటు. ఆరేళ్ళు దాటినవాళ్ళకు ఈత, నీటి దగ్గర మెలగే పద్ధతి నేర్పడం. చుట్టుపక్కల ఉండేవాళ్ళకు కాపాడే పద్ధతి, ఊపిరి పోసే పద్ధతి నేర్పడం. వయసును బట్టి మాట మారుతోంది. మీ పెద్దలు రాసిన తీర్మానంలో మూడేళ్ళ పాపకూ పదిహేడేళ్ళ కుర్రాడికీ ఒకటే వాక్యం ఉంది. మూడేళ్ళ పాప విషయంలో అది సరైనదే, పైగా చాలదు కూడా, ఎందుకంటే ఆ పాపకు తీర్మానం చదవడం రాదు, తలుపుకు గడియ ఉండాలి. పదిహేడేళ్ళవాడి విషయంలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్న వేళ, గట్టు కనిపించని అవతలి వైపు, ఎవరికీ చెప్పకుండా దిగుతాడు. కాళ్ళకు నాచు చుట్టుకుంటే తోటివాళ్ళు ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పడానికి కూడా భయపడతారు, దిగకూడని చోట దిగాం కదా అని. నిషేధం పెట్టినందువల్ల సరస్సు ఎక్కడికీ పోదు. పిల్లలు దిగే చోట పెద్దవాళ్ళు లేకుండా పోతారు, అంతే.

గుంపుగా వెళితే ఒకరినొకరు చూసుకుంటారులే అని కూడా అనుకోవద్దు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో ఒక ప్రయోగం ప్రచురించారు. కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు, కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితులు పక్కన ఉండగా. పెద్దవాళ్ళు ఎలా ఆడినా ఇంచుమించు ఒకేలా ఆడారు. పదమూడు నుంచి పదహారేళ్ళ వాళ్ళు స్నేహితులు చూస్తుంటే బాగా ఎక్కువ తెగించారు. ఆ వయసు పిల్లవాడు ఒంటరిగా చేయని దూకుడు నలుగురి ముందు చేస్తాడు.

అలాగని కుర్రాళ్ళు అడిగినట్టు పోయినేడు ఉన్నట్టే వదిలేయడం కూడా నేను ఒప్పుకోను. "మాకు ఈత వచ్చు" అంటారు. ఈతకొలనులో వచ్చిన ఈత వేరు. అక్కడ అడుగు కనిపిస్తుంది, అంచు పట్టుకోవచ్చు. సరస్సులో నాలుగడుగులు మోకాటి లోతు ఉండి అయిదో అడుగుకు నేల జారిపోవచ్చు. వేసవిలో పైన ఉన్న నీరు వెచ్చగా ఉన్నా కింద చల్లటి పొర అలాగే ఉంటుంది, చల్లటి నీరు బరువు కాబట్టి రెండూ కలవవు. పైనుంచి దూకినవాడు ఒక్కసారిగా ఆ చలిలోకి దిగితే ఊపిరి ఎగబీల్చుకుంటాడు, అదే క్షణంలో తల నీళ్ళలో ఉంటే నీరు లోపలికి పోతుంది. ఇంకొకటి, ఎండలు ముదిరేకొద్దీ నీటిమట్టం తగ్గుతుంది. పోయినేడు తలకిందులుగా దూకిన రాయి కింద ఈ ఏడు నడుము లోతే ఉండొచ్చు. మెడ విరిగి జీవితమంతా మంచానికి పరిమితమైన కుర్రాళ్ళు ఉన్నారు. తలకిందులుగా దూకడం వద్దు అన్న ఒక్కమాటకు మాత్రం నేను మినహాయింపు ఇవ్వను.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఉంది: కొంత చోటు, కొంత సమయం, కొంతమంది కాపలా. ఇది సులువు కాదని ముందే చెబుతున్నాను. అసలు ఆ సరస్సు ఎవరి అధీనంలో ఉందో, దిగడానికి వాళ్ళు అనుమతిస్తారో కనుక్కోవాలి. మురుగు కలిసే సరస్సైతే ఈ దారే లేదు. నీటి మీద ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు తెట్టు కట్టిన రోజుల్లో కూడా దిగనివ్వకూడదు, కొన్ని రకాల నాచు విషం వదులుతుంది, చిన్నపిల్లలకూ కుక్కలకూ అది మరీ ప్రమాదం. నీరు మంచిదే, అనుమతీ ఉందంటే, అడుగు చదునుగా ఉన్న ఒక చోటు చూసి తాడు, తేలే బుడగలు కట్టి హద్దు పెట్టండి. పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత, మధ్యలో ఎండ తీవ్రంగా ఉంటుంది కాబట్టి వద్దు. ఉరుము వినబడితే అందరూ బయటికి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ దిగకూడదు.

అన్నిటికంటే ముఖ్యం కాపలా. ఒకేసారి ఇద్దరు, ఇరవై నిమిషాల వంతు. ఆ ఇరవై నిమిషాలూ ఫోను వేరేవాళ్ళ చేతిలో ఉండాలి, కబుర్లు ఉండకూడదు, పుస్తకం ఉండకూడదు. తలమీద ఎర్ర టోపీయో ఏదో ఒకటి పెట్టుకోండి. టోపీ ఎవరి తల మీద ఉంటే చూడాల్సింది వాళ్ళే. వంతు అయ్యాక పక్కవాళ్ళ చేతికి ఇచ్చి "ఇప్పుడు నీళ్ళలో పదకొండు మంది ఉన్నారు" అని లెక్క చెప్పి వెళ్ళాలి. అయిదేళ్ళలోపు పిల్లలకు ఈ కాపలా కూడా చాలదు, చేయి చాస్తే అందేంత దగ్గరలో సొంత మనిషి ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలను నమ్ముకోవద్దు, అవి ఆటబొమ్మలు. లైఫ్ జాకెట్ కొంటే తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది ఆ పిల్లకు పెద్దదన్నమాట.

దీనికి కనీసం పది పన్నెండు మంది పెద్దవాళ్ళు మాట ఇచ్చి నిలబెట్టుకోవాలి. రాని రోజున తాడు కట్టరు, ఎవరూ దిగరు. అప్పుడు గొణుగుడు వినాల్సి వస్తుంది, "నిన్న దిగనిచ్చారుగా" అంటారు. సమావేశంలో మీరు పక్షాలు తీసుకోకుండా ఒక కాగితం బల్ల మీద పెట్టి, కాపలాకు పేరు రాసేవాళ్ళు రాయండి అని అడగవచ్చు. పన్నెండు పేర్లు వస్తే మూడో దారి ఉంది. మూడే వస్తే ఈ వేసవికి నీళ్ళలో ఆటలు లేవు. అప్పుడు ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు, కాగితమే చెబుతుంది.

పేర్లు రాకపోయినా సరస్సు ఒడ్డున వేసవి వృథా పోనక్కర్లేదు. నీళ్ళలో దిగకపోతే ఇక గట్టు మీద చేయడానికేముంది అన్నట్టు రాశారు. నాకైతే అక్కడ చేయదగినవి చాలానే కనిపిస్తున్నాయి. 1865లో ఏంజెలో సెక్కి అనే ఇటలీ శాస్త్రవేత్త సముద్రపు నీరు ఎంత తేటగా ఉందో కొలవడానికి గుండ్రటి తెల్ల పళ్ళేన్ని తాడుకు కట్టి దించాడు. కనిపించకుండా పోయిన చోట తాడు కొలిచాడు. ఇప్పటికీ సరస్సులను అలాగే కొలుస్తున్నారు, ఇరవై సెంటీమీటర్ల పళ్ళెం, దాని మీద నలుపూ తెలుపూ పావు భాగాలు. 1994 నుంచి అమెరికాలో మామూలు జనం ఏటా ఆ పళ్ళెం ముంచి తమ సరస్సుల లెక్కలు పంపే కార్యక్రమం ఒకటి నడుస్తోంది. మీ పిల్లలు దాన్ని ఒక మధ్యాహ్నంలో తయారు చేసుకోవచ్చు. వారానికొకసారి, ఒకే చోట, ఒకే వేళకు, పడవ మీద నుంచి జాకెట్లు వేసుకుని కొలిచి గోడ మీద రాస్తే, వాన పడ్డ వారం ఏమైందో, నాచు పెరిగిన వారం ఏమైందో వాళ్ళకే కనిపిస్తుంది. మీ పాప వయసు వాళ్ళకు ఒక తెల్ల ట్రే, చిన్న వల చాలు. ఒడ్డునున్న మొక్కల మధ్య నుంచి వలతో తీసి ట్రేలో పోస్తే తూనీగ పిల్లలు దొరుకుతాయి. రెక్కలు రాకముందు అవి నీళ్ళలోనే బతుకుతాయని, వెనకనుంచి నీటిని చిమ్ముకుంటూ ముందుకు దూసుకుపోతాయని కళ్ళారా చూసిన పిల్ల మర్చిపోదు. చూశాక మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. మీ అత్తగారిని కూడా ఇందులోకి తీసుకురండి. నీరు ఒకప్పుడు ఎంతవరకు వచ్చేదో, ఏ చెట్టు మునిగేదో, ఏ పక్షులు వచ్చి ఇప్పుడు రావడం లేదో పెద్దవాళ్ళను అడిగి పిల్లలు పటం గీయవచ్చు. మనవరాలి చేయి పట్టుకుని గట్టు దాకా నడిచి ఆ చోట్లు చూపించడానికి ఆవిడ ఒప్పుకుంటే, గుమ్మం సమస్య కొంత దానంతట అదే తీరుతుంది.

పదమూడు దాటినవాళ్ళు రాకపోవడం గురించి ఒక మాట. మీరు చెప్పినవన్నీ వాళ్ళ కోసం మీరు ఏర్పాటు చేసినవే. పిల్లల భాగస్వామ్యం గురించి రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం రాస్తూ ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశాడు. కింది మూడు మెట్లూ, అంటే పిల్లల్ని వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, నామమాత్రంగా పిలవడం, అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. ఆ వయసు పిల్లలు దీన్ని ఏమీ చదవకుండానే పసిగడతారు. నా అనుభవంలో వాళ్ళు వచ్చేది తమ మీద ఏదైనా నిజంగా ఆధారపడి ఉన్నప్పుడు. సెక్కి పళ్ళెం లెక్కలు వాళ్ళ చేతిలో పెట్టండి, వేసవి డబ్బులో కొంత వాళ్ళకే అప్పగించి లెక్క అడగండి. కాపలాలో పెద్దవాళ్ళ పక్కన మూడో మనిషిగా నిలబడమనండి, ఒంటరిగా మాత్రం వద్దు, అంత బరువు పిల్లల మీద పెట్టకూడదు. కొందరు మానేస్తారు, ఒకసారి లెక్క తప్పుతుంది. అందుకు సిద్ధపడే ఇవ్వాలి.

మీరు తప్పుకోవడం గురించి. మీవారు చెప్పినట్టు వదిలేస్తే అందులో తప్పేం లేదు, నాలుగేళ్ళు చేశారు. కానీ ఇప్పుడు, ఇలా వదిలేస్తే అది ఆ సాయంత్రానికి శిక్షలా మీకూ అనిపిస్తుంది, చూసేవాళ్ళకూ అనిపిస్తుంది. ఎవరూ అందుకోకపోతే గట్టు మీద సాయంత్రాలు ఆగిపోతాయి, పిల్లలు మాత్రం గట్టుకు వెళుతూనే ఉంటారు. పని రెండుగా చీల్చడం ఇంకొక పద్ధతి. నీళ్ళకు సంబంధించినదంతా ఈత బాగా వచ్చిన, నిదానం ఉన్న మరొకరికి పేరు పెట్టి అప్పగించండి. నేల మీది పని మీరు ఉంచుకోండి. అప్పగించేటప్పుడు "నాకు ఈత రాదు, ఇది నేను చేయకూడని పని" అని చెప్పండి, అది చిన్నతనం కాదు. వీలైతే మీరే ఈత నేర్చుకోండి. నేను నేర్చుకున్నది నలభై మూడో ఏట. మొదటి పది రోజులు నడుము లోతు నీళ్ళలో నిలబడి ముఖం ముంచి ఊపిరి వదలడం తప్ప ఏమీ చేయలేదు. భయం పూర్తిగా పోలేదు గానీ, నీళ్ళను చూసినప్పుడు ఒంట్లో ఏమవుతుందో తెలిసింది, దాన్ని దాటి ఆలోచించడం వచ్చింది.

మీ స్నేహితురాలి మౌనాన్ని మీరు కోపంగా చదువుకున్నారు. కోపమే కావచ్చు. కానీ ఆవిడ కూడా ఆ ఇరవై మందిలో ఒకరు. కన్నతల్లిని, నేను కూడా చూడలేదే అన్నది ఆవిడను ఎంత తింటోందో మీకు తెలియదు. మిమ్మల్ని చూసినప్పుడల్లా అది గుర్తొస్తుందేమో. ఆవిడే వచ్చేదాకా ఆగవచ్చు, అప్పుడు ఇంకొక ఏడాది గడిచిపోయే ప్రమాదముంది. ఉత్తరం రాయవచ్చు, అది ఆవిడకు జవాబు చెప్పే తొందర లేకుండా చదువుకునే వీలిస్తుంది. నేరుగా వెళ్ళవచ్చు కూడా. వెళితే ఏడ్చి క్షమించమని మొదలుపెట్టకండి, అప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని ఆవిడ మీద పడుతుంది. బాబు ఎలా ఉన్నాడు, రాత్రిళ్ళు నిద్రపోతున్నాడా, నీళ్ళంటే భయపడుతున్నాడా అని అడిగి, చెప్పినంతసేపూ వినండి. తలుపు తీయకపోతే మర్నాడే మళ్ళీ వెళ్ళొద్దు.

ఇక మీ అబ్బాయి. మీ ఉత్తరంలో వాడికి దక్కింది అర పేజీయే. నాకు మిగతా ఏడున్నర పేజీలకంటే అదే బరువుగా అనిపించింది. పదిహేనేళ్ళ పిల్లవాడు ఒక ప్రాణం కాపాడాడు. తన జీవితంలో అంత పెద్ద పని చేసిన క్షణంలో అమ్మ వైపు చూసి ఉంటాడు. చెంపదెబ్బ తగిలింది. ఆ దెబ్బ వెనక మీ ప్రాణం ఎంత విలవిల్లాడిందో నాకు అర్థమవుతుంది, వాడికి అర్థమయ్యే వీలు ఆరోజు లేదు. తర్వాత నీళ్ళ దగ్గరకు వెళ్ళవద్దన్నారు. తప్పు చేసినవాడికి వేసే శిక్ష అది. వాడు మీతో మాట్లాడనిది సరస్సు గురించి కాదని నా నమ్మకం. "నువ్వు ఆ బాబును బతికించావు. నేను నీకోసం భయపడి నిన్ను కొట్టాను. కొట్టకూడదు" అని చెప్పండి. అంతే చెప్పి ఆగండి. "కానీ నువ్వు కూడా..." అని పొడిగించకండి. వాడు వెంటనే కరగకపోవచ్చు, విననట్టు లేచి వెళ్ళిపోవచ్చు కూడా. విన్నాడు.

ఇంకొక రోజున, అదే రోజున కాదు, రెండో సంగతి మాట్లాడాలి. మీ భయంలో నిజం ఉంది. మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుని పైకి ఎక్కాలని చూస్తాడు, కాపాడబోయినవాళ్ళే పోయిన సందర్భాలు ఎన్నో. మొదటిసారి గెలిచినవాడు రెండోసారి ఆలోచించకుండా దూకుతాడు. అందుకే ముందు కేక వేసి మనుషుల్ని పిలవడం, తర్వాత ఒడ్డున పడుకుని కర్రో తువ్వాలో అందించడం, అందకపోతే తేలేది ఏదైనా విసరడం, పడవ ఉంటే పడవలో వెళ్ళడం. నీళ్ళలోకి తాను దిగడం శిక్షణ ఉన్నవాళ్ళ పని. ఒడ్డుకు తెచ్చాక ఊపిరి ఆగిపోయి ఉంటే ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, మునిగినవాడికి కరువైంది గాలి కాబట్టి నోటిద్వారా ఊపిరి ఇవ్వడం కూడా కావాలి. ఇవి చదివి వచ్చేవి కావు, శిక్షకుల దగ్గర బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. వాణ్ణి ఒక్కణ్ణే పంపకుండా మీరూ వెళ్ళండి. ఒకే గదిలో, ఒకే బొమ్మ ముందు, వాడు మీకంటే బాగా చేస్తుంటే చూడండి. ఆంక్ష తీసేయాలా, శిక్షణ అయ్యేదాకా ఉంచాలా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవలసింది. ఉంచితే ఎప్పటిదాకానో తేదీ చెప్పి ఉంచండి.

సమావేశానికి ముందే ఒక పని చేయవచ్చు. ఆ రింగు సామాన్ల గదిలో ఉంటే ఎవరికీ పనికిరాదు, గట్టు మీద గుంజకు, అందరికీ కనిపించేలా వేలాడాలి. దాన్ని ముట్టుకుంటే మీ చేతులు వణుకుతాయన్నారు కదా, మీ అబ్బాయిని కట్టమనండి. తాడు ఎంత పొడవు ఉండాలో వాణ్ణే అడగండి. ఆ దూరం ఈదినవాడు వాడే.